మామగారు గుచ్చిన బస్‌స్టాపు

ఆ ఎండాకాలం వచ్చేదాకా మా మామగారి గుండుసూదులు ఉండే చోటు నా ఎడమ భుజం. ఆయన దర్జీ. నేను ఆయన కొట్లో కటింగు చేసేవాణ్ణి, ఆయన ఇంట్లో ఇల్లరికపు అల్లుణ్ణి. బల్ల దగ్గర ఆయనకు కుడిపక్కన నిలబడటం నా ఉద్యోగంలో భాగం కాబట్టి, బట్టలోంచి తీసిన సూదిని ఎక్కడ పెట్టాలా అని ఆయన ఏనాడూ ఆలోచించలేదు. తల తిప్పకుండా చెయ్యి చాపేవారు, గుచ్చేవారు. చాలాసార్లు చొక్కాతోనే ఆగేది. అప్పుడప్పుడు చొక్కా దాటి నా దాకా వచ్చేది. "అబ్బా" అంటే, "కాసేపు కదలకుండా నిలబడటం కూడా చేతకాదా అల్లుడూ," అనేవారు.

ఆయన చేతిలో కొలత తప్పడమనేది లేదు. చొక్కా బిగుతైతే తొడుక్కున్నవాడు లావయ్యాడు. వదులైతే చిక్కిపోయాడు. ఒకసారి ఒకాయన, ఒక చెయ్యి పొడుగ్గా ఒక చెయ్యి పొట్టిగా వచ్చిందని చొక్కా పట్టుకొచ్చి చూపిస్తే, మామగారు తొణక్కుండా "మీరు సంచి ఏ చేత్తో మోస్తారు?" అని అడిగి, మోసే చెయ్యి సాగిపోయిందని తేల్చి పంపించారు. మా వీధి చివర స్కూల్లో గుమాస్తాగా చేసి దిగిపోయిన పెద్దమనిషికి కాలరు ఎప్పుడూ చెవులకు తగిలేది. అది కాలరు తప్పు కాదు, ఆయనకు మెడ లేకపోవడం వల్ల వచ్చిన చిక్కు అని మామగారు వీధి మొత్తాన్ని ఒప్పించారు. చివరికి ఆ పెద్దమనిషి కూడా ఒప్పుకున్నాడు. అప్పట్నుంచి అందరికీ ఆయన మెడలేనాయనే.

నా భార్య పెద్దాసుపత్రిలో నర్సు. ఆసుపత్రి ఊరికి ఆ కొసన, మేం ఈ కొసన. బజారు దగ్గర దిగి బస్సు మారాలి. పొద్దుటి డ్యూటీ అయితే చీకటితో బయల్దేరేది, రెండో బస్సు రాకపోతే నిలబడే ఉండేది. రోగుల దగ్గర నిలబడే కాళ్ళు బస్సుల కోసం కూడా నిలబడాలంటే ఎవరికైనా విసుగే. ఇంతలో ఆసుపత్రి ఆవరణలో క్వార్టర్సు ఒకటి ఖాళీ అయింది. కావాలో వద్దో వానలు మొదలయ్యేలోపు చెప్పమన్నారు.

అదే సమయంలో ఊరంతా ఇంకో మాట తిరుగుతోంది. ప్రాంతీయ రవాణా మండలి వాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళన్నింటికీ కలిపి కొత్త ప్రణాళిక వేస్తున్నారు, ఆసుపత్రి నుంచి మా వైపుకి నేరుగా ఒక బస్సు వేస్తారు. ఒకటే బస్సు. అది మా వైపు ఎక్కడిదాకా వచ్చి ఆగాలో ఇంకా తేలలేదు.

ఒకరోజు భోజనాల దగ్గర నా భార్య నెమ్మదిగా అంది: "ఆ బస్సు మన వీధికి వస్తే ఇక్కడే ఉంటాం నాన్నా. రాకపోతే క్వార్టర్సుకి వెళ్ళిపోతాం. నాకింక ఓపిక లేదు."

మామగారి చెయ్యి కంచంలో ఆగిపోయింది. "వస్తుంది. ఎందుకు రాదు," అని మళ్ళీ కలుపుకోవడం మొదలెట్టారు. కలిపిందే కలుపుతున్నారు. ఉన్నది ఒక్కగానొక్క కూతురు.

నిజం చెప్పాలంటే నాకు క్వార్టర్సు మీద ఎప్పట్నుంచో కన్నుంది. అక్కడ మెట్లకింద ఒక కుట్టుమిషను పట్టేంత జాగా ఉందని చూసి వచ్చాను కూడా. నర్సులు, డాక్టర్లు, కాంపౌండర్లు, అన్ని యూనిఫారాలు, దగ్గర్లో ఒక్క దర్జీ లేడు. అక్కడ ఒకటి మాత్రం ఖాయం, ఎవరి సూదీ నా భుజంలో దిగదు. కానీ ఇల్లరికపు అల్లుడికి అభిప్రాయాలుంటే ఉండొచ్చు, అవి భోజనాల దగ్గర బయటికి రాకూడదు.

ఆ వారంలోనే ప్లానింగు ఆఫీసు నుంచి ఒక అమ్మాయి ఆటోలో పెద్ద బోర్డు వేసుకుని మా కొట్టుకొచ్చింది. తలుపంత బోర్డు, వేలంత మందం, నొక్కితే మెత్తగా ఉంది. దానిమీద మా వైపు ఊరంతా మ్యాపు. బస్సు ఎక్కడికి కావాలో జనాన్నే అడుగుతున్నామనీ, కొన్ని కొట్లలో ఇలాంటి బోర్డులు పెడుతున్నామనీ, ఒక్కొక్కరు ఒక్కో సూది తమకు కావలసిన చోట గుచ్చాలనీ చెప్పింది. దీన్ని ప్రజాభాగస్వామ్యం అంటారంది. ఆ మాట అంటున్నప్పుడు ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. ఉద్యోగంలో చేరి ఎక్కువ రోజులు కాలేదని దాంతోనే తెలిసిపోయింది.

మామగారికి అనుమానం వచ్చింది. "చదువుకున్నవాళ్ళు, బస్సు ఎక్కడికి రావాలో మీకు తెలీదా అమ్మాయ్?"

"ఎక్కేది మీరు కదండీ. అందుకని మిమ్మల్నే అడుగుతున్నాం."

ఈ మాట మామగారికి నచ్చింది. ఆయన జీవితమంతా కస్టమర్లను నోరెత్తనివ్వకుండా కుట్టినవాడు, అయినా నచ్చింది. బోర్డును ఎక్కడో మూల పెట్టకూడదని, బల్ల వెనక గోడకి, సరిగ్గా ఆయన కళ్ళ ఎదురుగా దగ్గరుండి కొట్టించారు. ఆ తర్వాత ఆఫీసువాళ్ళు ఇచ్చిన డబ్బా మూత తీసి ఒక సూది తీసి వెలుతురుకు పెట్టి చూశారు. ఆకుపచ్చ గుండు తలతో, పొడుగ్గా, నిటారుగా ఉంది. "చూడు అల్లుడూ, ఎంత నిఖార్సయిన సూదో. మనం కొనేవి రెండోసారి గుచ్చేసరికే నడుం వంగిపోతాయి."

మొదటి సూది ఆయనే గుచ్చారు, మా కొట్టు ఎదురుగా. తరవాత అత్తగారు, తరవాత నా భార్య. తరవాత నేను. ఆయన పక్కనే నిలబడి చూస్తున్నారు. రహస్యంగా గుచ్చే ఏర్పాటేమీ లేదు కాబట్టి నేనూ మా వీధిలోనే గుచ్చాను.

ఆ తర్వాత మామగారిని పట్టడం ఎవరి వల్లా కాలేదు. ప్యాంటు పట్టుకెళ్ళడానికి వచ్చినవాడి చేతికి ముందు సూది, తరవాత ప్యాంటు. పక్క వీధివాళ్ళని కూడా బలవంతపెట్టి మా వీధిలోనే గుచ్చించారు. ఎక్కడైనా కాస్త దూరంగా గుచ్చితే "కొంచెం ఇటు, ఇంకొంచెం, ఆఁ" అని భుజం కొలత తీసేటప్పటి గొంతుతో సరిచేసేవారు. చూస్తూండగానే మ్యాపు మధ్యలో మా వీధి కనపడకుండా పోయింది, అంత దట్టంగా అయ్యాయి సూదులు. నా క్వార్టర్సు కల మీద ఒక్కొక్కటీ దిగుతుంటే చూస్తూ కూర్చున్నాను.

అలా ఉండగా ఒకరోజు సాయంత్రం నాకు ఏదో తేడాగా అనిపించింది. ఏమిటా అని ఆలోచిస్తే, పొద్దుట్నుంచీ నా భుజంలో ఒక్క సూదీ దిగలేదు.

మర్నాడు గమనించాను. మామగారు పైజామా అంచు మడుస్తూ, తల ఎత్తి ఎదురుగా మా వీధిలోంచి ఓ నాలుగు సూదులు పీకారు. వాటితో అంచు పట్టారు. మిషను మీద కుట్టు వేశారు. సూదులు తీసి, బల్ల మీదికి వంగి ఉన్న మనిషి వంగినట్టే కుడిచెయ్యి చాపి, అందిన చోట గుచ్చేశారు. అందిన చోటు అంటే మ్యాపుకి కింద కుడివైపు మూల. ప్రపంచంలో దర్జీ అయిన ఎవరికైనా, కళ్ళెదురుగా అంత పెద్ద మెత్తటి బోర్డు, దాని నిండా మంచి సూదులు ఉంటే, అది ఇంకేదో అని ఎందుకు అనిపిస్తుంది?

నేను ఉండబట్టలేక, "మామయ్యా, అది మ్యాపు," అన్నాను.

"తెలుసు. బోర్డులోవి బోర్డులోకే వెళ్తున్నాయిగా. ఒక్కటైనా పోనిచ్చానా?"

అదీ నిజమే. ఆఫీసు సొమ్మని ఆయన ఒక్క సూదిని కింద పడనివ్వలేదు, ఇంట్లోకి రానివ్వలేదు. మళ్ళీ అడిగితే నా పని నన్ను చూసుకోమన్నారు. చూసుకున్నాను. ఆ మూల మ్యాపులో ఏమీ లేదు, తెల్లటి ఖాళీ జాగా, పక్కనే కాలవ గీత, 'పాత ఇటుక బట్టీలు' అని సన్నటి అక్షరాలు. అక్కడ గుచ్చిన సూదిని ఎవరు పట్టించుకుంటారులే అనుకున్నాను. పైగా నా భుజం మీద పాత గాట్లన్నీ మానుతున్నాయి. స్థానిక ప్రభుత్వం మీద నాకు జీవితంలో మొదటిసారి భక్తి కలిగింది.

ఎండలు ముదిరాక ఆ అమ్మాయి బోర్డు తీసుకెళ్ళడానికి వచ్చింది. ఆ సమయానికి నేను గుండీలు కొనడానికి బజారుకెళ్ళాను. ఏం జరిగిందో అత్తగారు చెప్పారు. ఆ పిల్ల బోర్డు ముందు నిలబడి చాలాసేపు చూసిందట. ఇవన్నీ ఈ కొట్లోనే గుచ్చారా అని అడిగిందట. మామగారు ఒక గౌనుకి కుచ్చులు పెడుతున్నారు, నోటినిండా సూదులు. "ఊఁ" అన్నారట. ఈ మూల ఇంతమంది అడిగారా అంటే దానికీ "ఊఁ" అన్నారట. అంతా మీ కళ్ళముందేనా అంటే దానికి ఇంకా గట్టిగా "ఊఁ". నోట్లో సూదులున్నప్పుడు ఆయన ఇంతవరకూ ఎవరికీ కాదని చెప్పలేదు.

ముసాయిదా ప్రణాళిక మున్సిపల్ హాలు గోడమీద అంటించారన్న కబురు మెడలేనాయన పట్టుకొచ్చాడు. కొత్త బస్సు ఆసుపత్రిలో బయల్దేరి, ఊరి బయట రోడ్డున చుట్టూ తిరిగి, పాత ఇటుక బట్టీల దగ్గర ఆగుతుంది. మా వీధి మొహం కూడా చూడదు.

మామగారు అగ్గిమీద గుగ్గిలమయ్యారు. "ఎవరా బుద్ధిలేనివాళ్ళు? బట్టీల దగ్గర బస్సెక్కేదెవరు, ఇటుకలా?"

కొట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేను నవ్వలేదు. బోర్డు తీసేసిన చోట గోడమీద తెల్లగా మిగిలిన చదరం వైపు చూస్తున్నాను. అదే క్షణంలో నా ఎడమ భుజంలో సూది దిగింది. బోర్డు పోయింది కదా, పాత చోటుకే వచ్చాయి. అప్పుడు వెలిగింది నాకు. మా వీధి బస్సును మామగారు స్వహస్తాలతో, సూది తరవాత సూది, బట్టీల దగ్గరికి మోసుకెళ్ళి దింపారు.

ఆ సాయంత్రం నా భార్య పెరట్లో బకెట్టు నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే చెప్పాను. మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నీళ్ళు ఒలికిపోయేలా నవ్వింది. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, ఆ తుడుచుకోవడం కాస్త ఎక్కువసేపు చేసింది.

"నాన్నతో అనకండి," అంది. "చెప్తే ఒప్పుకోరు. ఒప్పుకుంటే తట్టుకోలేరు."

ముసాయిదా మీద బహిరంగ సభ పెడుతున్నారు, ఎవరైనా వచ్చి మాట్లాడొచ్చు, వీధంతా వెళ్ళి అడిగితే వాళ్ళే మారుస్తారులే అని తనే సర్దుకుంది. అత్తగారు మాత్రం ఇంకో ఉపాయం చెప్పారు. మా పెరటి వెనక పొలాల్లోంచి కాలవగట్టున పడితే బట్టీలు అరగంట నడకేగా, అక్కడే ఎక్కొచ్చుగా అన్నారు. మామగారు ఒప్పుకోలేదు. తెల్లారకుండా, వానల్లో, ఆ జారుడు గట్టు మీద తన కూతురు నడవడమేమిటి, నడవదు అన్నారు. ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

సభ కోసం మామగారు కోటు కుట్టుకున్నారు. అంతవరకూ ఊరందరికీ కుట్టారు గాని తనకు తాను కోటు కుట్టుకోలేదు. కుట్టేంతసేపూ ఉపన్యాసం కూడా సాధన చేశారు, నోట్లో సూదులతోనే, దాంతో అందులో ఏముందో మాకెవరికీ తెలియలేదు. తయారయ్యాక తొడుక్కుంటే గుండీలు పడలేదు. గుడ్డ ముడుచుకుపోయిందన్నారు.

"కొలత ఎవరు తీశారండీ?" అన్నారు అత్తగారు.

"నేనే."

"అదీ సంగతి," అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు.

సభ మున్సిపల్ హాల్లో. పంకాలు తిరుగుతున్నాయి గాని గాలి కింద కూర్చున్నవాళ్ళ దాకా రావడం లేదు. వేదిక మీద రవాణా మండలి అధ్యక్షుడు, ఆయన ముందు ఒక గంట. మాట్లాడేవాళ్ళకి తలా మూడు నిమిషాలు, గంట కొడితే దిగిపోవాలి. మైకు పక్కనే మా కొట్టు బోర్డు నిలబెట్టి ఉంది, సూదులతో సహా. మా వీధంతా ముందు వరసల్లో కూర్చుంది. నా భార్య డ్యూటీ దిగి, రెండు బస్సులు మారి, యూనిఫారంతోనే వచ్చి వెనక నిలబడింది.

మొదట ప్లానింగు అమ్మాయి మాట్లాడింది. ఆ మూల అన్ని సూదులు చూసి తనకు ఆశ్చర్యమేసిందట, తమ మ్యాపులో అది ఖాళీ జాగా. అనుమానం తీర్చుకుందామని వెళ్ళి చూస్తే, బట్టీలు మూతపడ్డా అక్కడ పనిచేసినవాళ్ళు ఎక్కడికీ పోలేదు, కుటుంబాలతో అక్కడే ఉన్నారు. పిల్లలు కాలవగట్టున నడిచి బడికి వస్తున్నారు. "మా మ్యాపు వాళ్ళని చూపించలేదండీ. మీరు గుచ్చిన సూదులే చూపించాయి," అని మా వరస వైపు చూసి చెప్పింది. మా వరస మొహాలు మాడ్చుకుని కూర్చుంది.

తరవాత బట్టీల నుంచి ఒకావిడను పిలిచారు. యాభై ఏళ్ళుంటాయేమో, ఇటుకలు మోసి మోసి గట్టిపడిన చేతులు. మైకు ఎంత దూరంలో పెట్టుకోవాలో తెలియక రెండు చేతులతో పట్టుకుంది. ఇస్త్రీ మడతలు విప్పని చీర కట్టుకొచ్చింది. ఆమెతో వచ్చిన నలుగురైదుగురు కూడా అలాగే పెళ్ళికొచ్చినట్టు వచ్చారు.

"మమ్మల్నెప్పుడూ ఎవరూ ఏం కావాలని అడగలేదండీ," అంది. "ఈ బోర్డు సంగతి మాకు తెలీనే తెలీదు. మేం ఒక్క సూదీ గుచ్చలేదు. పోయిన వానల్లో మా కోడలికి నొప్పులొస్తే మంచం మీద మోసుకొచ్చాం రోడ్డుదాకా. బతికింది, కానీ... సరే. ఇప్పుడు ఎవరో మా కోసం గుచ్చారంట. ఎవరో మాకు తెలీదు. ఈ హాల్లోనే ఉన్నారేమో."

వరస వరసా అందరి మొహాలూ చూసింది. గంట కొట్టకుండానే దిగి వెళ్ళి కూర్చుంది.

నేను తేలు కుట్టిన దొంగలా తల వంచుకున్నాను. దొంగ నేను కాకపోయినా తేలు మాత్రం నాకే కుట్టింది.

తరవాతి పేరు మామగారిది. కోటు కిర్రుమంటుండగా వేదిక ఎక్కారు. గొంతు సవరించుకున్నారు. ఈ ఊళ్ళో ఎవరో బుద్ధిలేనివాళ్ళు అని మొదలెట్టి, వాళ్ళ పనిని చూపించడానికి బోర్డు వైపు తిరిగి వేలెత్తారు.

వేలు అక్కడే ఆగింది.

దూరం నుంచి చూసినవాళ్ళకి అవి ఆకుపచ్చ చుక్కలు. ఆయనకు దగ్గర్నుంచి వేరేవి కనపడి ఉంటాయి. ఆ మూలనున్న సూదుల్లో కొన్నింటికి దారప్పోగులు వేలాడుతున్నాయి. ఒకదానికి సుద్ద అంటుకుంది. ఇంకోదానికి ఎవరి గౌనుదో పసుపుపచ్చ పీలిక చిన్నది. మామగారు వంగి చూశారు. అలవాటుకొద్దీ ఒక సూది పీకారు, దారం చూశారు, చూస్తూనే చెయ్యి చాపి మళ్ళీ గుచ్చారు. ఆయన చూడకుండానే చెయ్యి నేరుగా ఆ మూలకే వెళ్ళింది. అది ఆయనకు కూడా కనపడింది.

"చెప్పండి," అన్నాడు అధ్యక్షుడు.

"ఇవి నేను గుచ్చినవి," అన్నారు మామగారు.

"ఏవండీ?"

"ఈ మూలనున్నవి. మా వీధిలో గుచ్చినవాటిని పీకి బట్టలకు వాడుకున్నాను. వాడాక ఇక్కడ పెట్టాను. చెయ్యి అందుతుందని. ఇంకేం లేదు." కోటు అంచు కిందికి లాక్కున్నారు. "తప్పు నాదే."

ఆ చివరి రెండు మాటలు ఆయన నోట విన్నవాళ్ళెవరూ అంతకు ముందు లేరు. నా పక్కనే ఉన్న అత్తగారు నా మోచెయ్యి పట్టుకున్నారు.

హాలు గొల్లుమంది. వెనకవాళ్ళకి ముందువాళ్ళు చెప్పి నవ్వారు. ప్లానింగు అమ్మాయి మొహం మాత్రం తెల్లబోయింది. మెడలేనాయన ఆనందం పట్టలేక లేచి నిలబడ్డాడు. అధ్యక్షుడు అటూ ఇటూ వంగి పక్కవాళ్ళతో మాట్లాడి, అయితే ఇవన్నీ మీ వీధి సూదులే అన్నమాట, తీసి మీ వీధిలో పెట్టించి లెక్క మళ్ళీ చూద్దాం అన్నాడు. మా వీధి చప్పట్లు కొట్టింది.

బట్టీల ఆవిడ నవ్వలేదు, చప్పట్లూ కొట్టలేదు. ఆమెకు సంగతి అర్థమైంది. పక్కనున్న వాళ్ళకి చెప్పడం లేదు, అంతే. చీర కుచ్చిళ్ళ మీద చేతులు పెట్టుకుని, వెళ్ళిపోవడానికి ఎప్పుడు లేవాలో తెలియనట్టు కూర్చుంది.

మామగారు ఆమెను చూశారు. తరవాత హాలు వెనక నిలబడ్డ కూతుర్ని చూశారు. నా భార్య ఒక కాలి మీద బరువు మార్చి ఇంకో కాలి మీద వేసుకుంటోంది, సాయంత్రమయ్యేసరికి అలాగే నిలబడుతుంది.

"తియ్యకండి," అన్నారు. "ఉన్నచోటే ఉండనివ్వండి."

"మరి మీ వీధికో?"

"మాకు పాత బస్సులున్నాయిగా. ఒకచోట దిగి మారాలి, అంతే."

గంట కొట్టారు.

ఇంటికి నడిచే బయల్దేరాం. వేదిక దిగేటప్పుడు మామగారి కోటు చంకలో పిగిలింది. ఆ చిరుగులోంచి చొక్కా కనపడుతోంది. సగం దారిలో ఆయనే అన్నారు, "గుడ్డ ముడుచుకోలేదు. నేనే కొలత తక్కువ తీశాను." అత్తగారు రోడ్డు మధ్యలో ఆగిపోయారు. ఒకే రోజున రెండు తప్పులు ఒప్పుకున్న మొగుణ్ణి చూసి ఆవిడకు భయమేసింది. ఇంటికెళ్ళాక నుదుటి మీద చెయ్యి పెట్టి చూశారు.

మండలి వాళ్ళు బస్సును బట్టీలకే ఖాయం చేశారు. సూదుల లెక్క ఎలా ఉన్నా, మనుషులు ఉన్నారని తేలాక వాళ్ళని మళ్ళీ ఖాళీ జాగా అనలేమని ఆ అమ్మాయి పట్టుబట్టిందని విన్నాను. మా వీధివాళ్ళకి మామగారి మీద కోపం వచ్చింది. కొన్నాళ్ళు బట్టలు వేరే దర్జీకి ఇచ్చారు. అందరికంటే ముందు తిరిగొచ్చింది మెడలేనాయన. ఆ కొత్త దర్జీ ఈయనకు మెడ ఉందనుకుని కుట్టాడట.

నా భార్య క్వార్టర్సుకి సరేనని చెప్పింది. చెప్పిన రోజున నేను ఎగిరి గంతేయాలి. ఎప్పట్నుంచో కోరుకున్నది చేతికొచ్చింది. తీరా సామాన్లు కడుతుంటే, కట్టిన ముడి విప్పి మళ్ళీ కడుతూ పొద్దంతా గడిపాను. అత్తగారు గిన్నెలు ఇస్తూ, అక్కర్లేదంటే ఇంకా పెద్ద గిన్నె తెచ్చి ఇస్తూ తిరిగారు. మామగారు బల్ల దగ్గర్నుంచి కదల్లేదు. అర్జెంటు ప్యాంటుందన్నారు. బండి వచ్చిందని చెప్పడానికి వెళ్తే, తల ఎత్తకుండా, మెట్లకింద వెలుతురు చాలదు, నల్లబట్ట పగలే కుట్టు అని మాత్రం చెప్పారు. ఆ ఇంట్లో నాకు ఆయన చెప్పిన వీడ్కోలు అదే.

క్వార్టర్సులో ఆ సాయంత్రం చొక్కా విప్పుతుంటే ఎడమ భుజం మీద ఏదో తగిలింది. ఆయన సూదే. నేను బండి సంగతి చెబుతున్నప్పుడు గుచ్చి ఉంటారు. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. దాన్ని తీసి కిటికీ దగ్గర పెట్టాను, మర్నాడు మళ్ళీ చొక్కాకే పెట్టుకున్నాను.

వానలు మొదలయ్యాయి. కొత్త బస్సు కూడా మొదలైంది. ఆ మొదటి ఆదివారం మెట్లకింద నా కొత్త కొట్లో ఒక కాంపౌండరు చొక్కాకి ఒక చెయ్యి పొడుగ్గా ఒక చెయ్యి పొట్టిగా వచ్చిందని గొడవపెడుతున్నాడు. వాన చప్పుడులో నా గొంతు నాకే వినపడింది. "మీరు మందుల పెట్టె ఏ చేత్తో మోస్తారు?" అని అడుగుతున్నాను.

కాంపౌండరు వెళ్ళాక చూస్తే ఆసుపత్రి గేటు దగ్గర బస్సు ఆగి ఉంది. బట్టీల బస్సు. అందులోంచి మామగారు దిగారు. ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో చెప్పులు. ప్యాంటు మోకాళ్ళ దాకా బురద.

నా భార్య పరుగున వెళ్ళి, కాలవగట్టున వచ్చావా నాన్నా, ఈ వానలో, ఆ జారుడులో అని కేకలేసింది. బజారులో బస్సు మారి రావచ్చు కదా అంది.

"అరగంటే కదమ్మా," అన్నారు మామగారు. "బస్సు మారే పని లేదు. నేరుగా వచ్చేస్తుంది. స్టాపులో వాళ్ళు ఇటుకలతో అరుగు కూడా కట్టారు. నేనెవరో గుర్తుపట్టి, దానిమీద కూర్చోమన్నారు. ప్రతి ఆదివారం వస్తానని చెప్పాను."

కాళ్ళు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని నా కొట్లోకి వచ్చారు. వేలాడుతున్న చొక్కాలన్నీ ఒక్కొక్కటీ తిప్పి చూశారు. ఒక కాలరు పట్టుకుని ఇదేమిటన్నారు. ఆయన మెడే అంత మామయ్యా అన్నాను. ఆయన నా మొహం కేసి చూసి, ఆ చొక్కా బల్ల మీద పరిచారు. సూదులు తీసి నోట్లో పెట్టుకున్నారు. కాలరు విప్పి, పట్టి, మడిచి, ఒక సూది బయటికి తీశారు. తల తిప్పకుండా కుడిచెయ్యి చాపారు. అక్కడ ఏమీ లేదు, ఉత్త గోడ. చెయ్యి గాల్లో కాసేపు వెతుక్కుంది.

నేను వెళ్ళి ఆయన కుడిపక్కన నిలబడ్డాను.

"కదలకు," అన్నారు మామగారు.